పైడితల్లి మేడమ్ మూటల ఆట

మూట కట్టడం చేతనైనవాళ్ళు తగ్గిపోయారు. జిప్పులూ చక్రాలూ ఉన్న పెట్టెలు వచ్చాక జనం వేళ్ళు ముడిని మరిచిపోయాయి. నేను తిరిగిన ఊళ్ళలో మూటని చూసి మనిషిని పోల్చుకున్న రోజులున్నాయి. తీర్థానికి పోయేవాడి మూట తల మీద కూర్చుంటుంది. సంతకి పోయేవాడిది చంకలో ఉంటుంది. పారిపోయేవాడి మూట మాత్రం వీపుకి అంటుకుని, గుండె మీద ముడిపడి ఉంటుంది. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, వాటిలో పిల్లలుంటారు కనక. ఈ చివరి సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఢిల్లీ వికాస్‌పురిలో పైడితల్లి గారి తరగతిలో కూర్చున్న ఒక ఆరేళ్ళ పిల్ల వల్ల తెలిసింది. ఆ పిల్ల గొంతు నేను వినలేదు. పైడితల్లి గారు విన్నది కూడా ఒకే ఒక్క ప్రశ్న.

పైడితల్లి గారిది విశాఖపట్నం. భర్త శ్రీరాములు గారు శాస్త్రి భవన్‌లో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన ఉద్యోగం టీవీలో వార్తలు చూడటం, అదీ పక్క వీధికి వినబడేటట్టు. నేను ఢిల్లీ వచ్చినప్పుడల్లా వాళ్ళ మేడ మీది ఒంటిగదిలో దిగుతాను. ఒక నెల అనుకుని వస్తాను, ఆరు నెలలుంటాను. ఒక్కోసారి వారానికే లేచిపోతాను. ఆవిడ ఎప్పుడూ కారణం అడగలేదు. ఎక్కడికైనా లేచిపోయే మనుషుల్ని చూసి ఆశ్చర్యపోని ఇంట్లో పుట్టింది మరి.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పూర్వం రంగూన్‌ని రంగం అనేవారు. కరువొస్తే రంగం, అన్నదమ్ముల పోట్లాటైతే రంగం, అత్త తిడితే రంగం. ఓడెక్కి పోయి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకున్నారు. జపానువాళ్ళ బాంబులు పడ్డాక ఓడలో చోటు దొరకనివాళ్ళు నడిచారు. కొండలూ అడవులూ దాటి, వానల్లో, జలగల మధ్య, మణిపురం దాకా. ఎందరు బయల్దేరారో ఎందరు చేరారో సరైన లెక్క ఏ దొరా రాయలేదు. నేను ఒకప్పుడు మోరే అనే సరిహద్దు ఊళ్ళో పది రోజులుండి ఆ దారి కేసి చూస్తూ కూర్చున్నాను. ఎదర పచ్చటి కొండ తప్ప ఏమీ కనబడలేదు.

అలా నడిచినవాళ్ళలో పైడితల్లి గారి తల్లి అప్పలనర్సమ్మ ఒకతె. అప్పుడు ఆమెకి ఎనిమిదేళ్ళు. బయల్దేరినప్పుడు తొమ్మండుగురు, చేరినప్పుడు ముగ్గురు. ఆ ఆరుగురూ ఏమయ్యారో ఆమె బతికుండగా ఎవరికీ చెప్పలేదు. చెప్పినవి వేరే కథలు. ఏనుగు వచ్చి దారి ఇచ్చిందట. కోతి ఒకటి గోరా సిపాయి టోపీ ఎత్తుకుపోయిందట. పిల్లలు ఆ కోతి కథే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారట.

కానీ ఆ ఇంట్లో తలుపు వెనక ఒక మూట ఉండేది. పాత నేత చీర ముక్కలో అటుకులు, ఉప్పు, అగ్గిపెట్టె, ఇత్తడి గ్లాసు, ఇంటి కాగితం. ఎప్పుడూ కట్టే ఉండేది. ప్రతి పున్నమికీ విప్పి, పాత అటుకులు తీసి బెల్లం కలిపి పిల్లలకి పెట్టి, కొత్తవి పోసి మళ్ళీ కట్టేది. విశాఖలో వాళ్ళ పేటలో అందరూ రంగం నుంచి తిరిగొచ్చినవాళ్ళే కనక అందరిళ్ళలోనూ అలాంటి మూటలుండేవి. పున్నమి నాడు ఆ వీధి పిల్లలంతా ఇంటింటికీ తిరిగి అటుకులు తినేవారు. మూట విప్పడం అందరిళ్ళలోనూ ఉండే పండగ అనుకుంటూ పెరిగింది పైడితల్లి. పెళ్ళయి ఢిల్లీ వచ్చిన మొదటి పున్నమికి అత్తగారిని అడిగిందట, “అత్తా, మన మూటేదీ?” అని. ఆవిడ బట్టల మూట అనుకుని చాకలికి వేసేశానందట.

ఈ అటుకుల రుచి గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగిందంతా ఆ రుచి వల్ల జరిగింది.

వాళ్ళింటికి రెండు వీధుల అవతల చోప్రా గారి ఇల్లు. చోప్రా గారు అంటే ఆడమనిషే, డెబ్బయి దాటినావిడ, కింది భాగంలో ప్లే స్కూలు నడుపుతారు. వాళ్ళ నాన్న నలభై ఏడులో ముల్తాన్ నుంచి ఒక కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వచ్చారట. ఈ మహానగరంలో సగం కాలనీలు అలా నెత్తిన ఏదో పెట్టుకుని వచ్చినవాళ్ళ కోసం లేచినవే. ఇప్పుడు ఆ కాలనీల్లోనే కొత్తగా వచ్చినవాడికి ఇల్లు అద్దెకివ్వడానికి నలభై ప్రశ్నలడుగుతారు. అందులో నాకు వింతేమీ లేదు. ముందు రైలెక్కినవాడు తలుపు దగ్గర కాళ్ళు చాపుకోవడం మన దేశంలో ఎవరికి తెలియదు?

ఆ బడిలో పైడితల్లి గారు ఇరవై రెండేళ్ళుగా చిన్నపిల్లలకి చదువు చెబుతున్నారు. కిందటేడు ఫిబ్రవరిలో చోప్రా గారింట్లో అంట్లు తోమడానికి కొత్తగా ఒకామె కుదిరింది. మయన్మార్‌లో చిన్ కొండల మనిషి. వికాస్‌పురి వెనక ఇరుకు గదుల్లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. భర్త పెళ్ళి భోజనాల దగ్గర రాత్రంతా గిన్నెలు కడిగి పగలు నిద్రపోతాడు. ఆమె వెంట కూతురొచ్చి మెట్ల మీద కూర్చునేది. పేరు సుయ్. తరగతి గది కిటికీలోంచి ఆ పిల్ల కళ్ళు కనబడేవి. మూడో రోజున పైడితల్లి గారు బయటికి పోయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

“పైడీ జీ, ఇది ధర్మశాల కాదు,” అన్నారు చోప్రా గారు.

“చిన్నపిల్ల, మేడమ్. ఓ మూల కూర్చుంటాది.”

“మూగదా?”

“మాటొచ్చునంట. ఇక్కడికి వచ్చినకాడ్నించీ మానీసిందంట.”

చోప్రా గారు కళ్ళజోడు సవరించుకుని ఆ పిల్లని చూశారు. “ఠీక్ హై. మే చివరిదాకా. ఈ లోపల మాట్లాడిందా, జూలైలో ఒకటో తరగతికి నేనే నాకు తెలిసిన బడికి చీటీ రాసిస్తాను, ఫీజు మాట నేను చూసుకుంటాను. మాట్లాడలేదా, నేనేం చెయ్యలేను. అక్కడ పేరడిగితే చెప్పని పిల్లని ఎవడూ తీసుకోడు.”

అలా ఆ పిల్ల మాట మీద ఆ పిల్ల బడి ఆధారపడింది. పైడితల్లి గారికి అదొక్కటే ధ్యాసైపోయింది. పాటలు పాడారు, బొమ్మలు ఇచ్చారు. సుయ్ బొమ్మని తీసుకుని మోకాళ్ళ మీద నిద్రపుచ్చి, తిరిగి ఇచ్చేసేది. మార్చి అయింది, ఏప్రిల్ అయింది. ఒకసారి తల్లిని అడిగారు, ఏం జరిగిందని. ఆమెకి వచ్చిన హిందీ అంతా కలిపి నాలుగు మాటలు: “గావ్ జలా. ఫిర్ చలా.” ఊరు కాలింది, తర్వాత నడిచాం. ఎన్నాళ్ళు నడిచారంటే చేతివేళ్ళు చూపించి, చాలక మళ్ళీ మొదటి నుంచి చూపించింది. సుయ్ అంటే తమ భాషలో బంగారం అని చెవి కమ్మ పట్టుకుని చెప్పింది. పైడి అన్నా అదేనని ఈవిడా తన ముక్కుపుడక చూపించారు. ఆ ఇద్దరూ నవ్వుకోవడం అదే మొదలూ ఆఖరూ.

మే నెల వచ్చింది. సరిహద్దులో గొడవ, టీవీల్లో సైరన్ మోత, అసలు సైరన్ కంటే పెద్దగా. శ్రీరాములు గారి టీవీ అయితే మా మేడ మీది నీళ్ళ ట్యాంకుని కూడా భయపెట్టింది. బడిలో పిల్లలు ఆటలు మార్చేశారు. బ్లాకులు పేర్చడం పోయి పేల్చడం వచ్చింది. వాళ్ళకి నాయకుడు సాకేత్, గురుగ్రామ్ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళ అబ్బాయి, అయిదేళ్ళవాడు. నోట్లోంచి ఎనిమిది రకాల పేలుళ్ళు తీస్తాడు.

ఒక బుధవారం నగరమంతా సైరన్ పరీక్ష పెట్టారు. సైరన్ మోగగానే బల్లల కిందికి దూరాలి, ఇదొక ఆట అని చెప్పారు పైడితల్లి గారు. పిల్లలు కిలకిలా నవ్వుతూ దూరారు, కిలకిలా నవ్వుతూ వచ్చేశారు. సుయ్ రాలేదు. ఆ పిల్ల అందరికంటే ముందే, సైరన్ ఇంకా మొదటి కూతలో ఉండగానే దూరింది. పదకొండింటికి తల్లి పని ముగించుకుని వచ్చి, తాను కూడా బల్ల కిందికి పాకి ఎత్తుకొచ్చేదాకా అక్కడే ఉంది.

అప్పుడు సాకేత్ అందరికీ వినబడేలా అన్నాడు, “మేడమ్, యే చైనావాలీ హై నా? దుష్మన్ హై, ఇసీలియే ఛుప్ గయీ.” శత్రువట, అందుకే దాక్కుందట.

సుయ్ వింది. ఆ సాయంత్రం పైడితల్లి గారు టీ గ్లాసుతో మేడెక్కి వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నారు.

“ఏటి బాబాయి గారూ, యుద్ధం అంటే ఏటని చెప్పాలండీ అయిదేళ్ళ పిల్లలకి? మీరు ఇన్ని పుస్తకాలు చదివీసారు కదా.”

“నాకే తెలీదమ్మా.”

“మీకు తెలీకపోతే మరి ఇవన్నీ మా మేడ మీదెందుకండీ, బరువు!”

ఇద్దరం నవ్వాం. ఆవిడ టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టారు. ఉన్నట్టుండి, “మా అమ్మ చెప్పినట్టు చెప్పెస్తాను,” అన్నారు. “బాంబులూ అవీ ఒద్దు. నడక కథ చెప్తాను. ఏనుగు, కోతి. మూటలు కట్టిద్దాం. ఆఖర్న అటుకులూ బెల్లం పెడితే సరి. ఈ పిల్ల కూడా మనలాగే నడిచొచ్చిన పిల్ల అని ఆళ్ళకి తెలుస్తాది. ఏటంటారు?”

బాగానే ఉందన్నాను. ఈ మాట ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది. నిజంగా బాగానే ఉందనిపించింది.

సోమవారం ఆట మొదలైంది. మనం చాలా దూరం నడిచి వెళ్ళాలి, పోట్లీలో, అంటే మూటలో, అయిదే వస్తువులు పెట్టుకోవాలి, బాగా ఆలోచించి పెట్టుకోండి అన్నారు. నమూనాకి తన తల్లి మూట ఎలా ఉండేదో చెప్పారు. తినేది, ఉప్పు, అగ్గి, నీళ్ళ గ్లాసు, ఇంట్లోవాళ్ళ కాగితం. పిల్లలు అమ్మల చున్నీలు పట్టుకొచ్చారు. ఒకడు టీవీ రిమోట్ తెచ్చాడు, తను లేనప్పుడు ఎవరూ ఛానెల్ మార్చకుండా. సాకేత్ చిప్స్ ప్యాకెట్లు అయిదు తెచ్చి అయిదు వస్తువులని వాదించాడు. హాసిని అనే పిల్ల అమ్మమ్మ కళ్ళజోడు తెచ్చింది.

“ఇదెందుకే?” అన్నారు పైడితల్లి గారు.

“కళ్ళజోడు నా దగ్గరుంటే నానీ నా వెనకే రావాలి కదా, మేడమ్,” అంది హాసిని హిందీలో.

పెద్దవాళ్ళెవరికీ తట్టని ఉపాయం.

మూటలు కట్టబోతే ఎవరికీ రాలేదు. కట్టినవి జారిపోయి చిప్స్ నేలపాలయ్యాయి. అప్పుడు సుయ్ లేచింది. సాకేత్ దగ్గరికి వెళ్ళి వాడు వేసిన ముడి విప్పింది. చున్నీ పరిచి, వస్తువుల్ని సర్ది, వాణ్ణి వెనక్కి తిప్పి వీపు మీద పెట్టి, ఒక కొస భుజం మీంచి, ఒక కొస చంక కిందినుంచి తెచ్చి గుండె మీద ముడేసి, మిగిలిన కొసల్ని లోపలికి దోపింది. వాడి చేతులు రెండూ పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూసింది. తర్వాత హాసిని. తర్వాత ఇంకొకడు. పదకొండు మందికీ కట్టింది. మూడు నెలల్లో ఆ పిల్ల ఎవర్నైనా తాకడం అదే మొదలు.

చోప్రా గారు ఫోను తీసి వీడియో తీశారు. “దేఖో, దేఖో! శిష్యురాలు గురువుకి పాఠం చెబుతోంది!” అని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. సాకేత్ అద్దం ముందు నిలబడి, “మేడమ్, సూపర్‌హీరో లాగా ఉంది,” అన్నాడు. ఆ రోజు సుయ్ పక్కన కూర్చోవడానికి ఇద్దరు కొట్టుకున్నారు. పైడితల్లి గారు సాయంత్రం మేడ మీదికి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చారు. ఆవిడ మోకాళ్ళ నొప్పుల మనిషి.

బుధవారం ఇంకొకటి జరిగింది. సుయ్ పైడితల్లి గారి దగ్గరికి వచ్చి కొంగు లాగింది. “కబ్ జానా హై?” అని అడిగింది. ఎప్పుడు వెళ్ళాలి?

గొంతు బొంగురుగా ఉందట, వాడక. పైడితల్లి గారు ఆ మాటలోని ప్రశ్న వినలేదు, మాటని విన్నారు. సుయ్ మాట్లాడింది! సంతోషంతో ఆ పిల్లని ఎత్తుకుని, “శుక్రవారం! ఫ్రైడే కో, ఘంటీ బజేగీ, హమ్ సబ్ చలేంగే!” అన్నారు. గంట మోగితే అందరం వెళ్దాం. పార్కు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేస్తాం అని కూడా అన్నారో లేదో ఆవిడకి ఇప్పటికీ గుర్తు రాదు. అన్నానని ఒక రోజు అంటారు. లేదని ఒక రోజు ఏడుస్తారు. చోప్రా గారు మాత్రం ఆ పూటే ఒకటో తరగతి చీటీ రాసి సొరుగులో పెట్టారు.

శుక్రవారం తొమ్మిదింటికి గంట కొట్టారు. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. పన్నెండు మంది పిల్లలు వీపులకి మూటలతో వరసగా బయల్దేరారు. సుయ్ వీపున కూడా చిన్న మూట, ఇంటి నుంచి కట్టుకొచ్చింది. పార్కు చుట్టూ తిరుగుతూ పైడితల్లి గారు ఏనుగు కథ చెబుతున్నారు. కోతి టోపీ ఎత్తుకుపోయే దగ్గర పిల్లలంతా నవ్వి గేటులోకి పరుగెత్తారు. పళ్ళాల్లో అటుకులు పెట్టి లెక్కపెడితే పదకొండు.

సుయ్ గేటు దగ్గర లోపలికి తిరగలేదు. తిన్నగా పోయింది. వాళ్ళ గదికి పోయి, నిద్రపోతున్న తండ్రి పక్కనుంచి పది నెలల తమ్ముణ్ణి తీసి వీపున కట్టుకుని, మూటని ముందుకి మార్చుకుని వెళ్ళిపోయింది. తండ్రిని లేపలేదు. ఎందుకు లేపలేదో ఎవరు చెప్పగలరు? తర్వాత వస్తాడనుకుందో, పెద్దవాళ్ళు వెనకుండి పిల్లల్ని ముందు పంపడం అంతకు ముందు చూసిందో.

చోప్రా గారు పోలీసుల నంబరుకి ఫోను చేశారు. ఆవిడ చెయ్యకపోతే నేనే చేసేవాణ్ణి. శ్రీరాములు గారు జీవితంలో మొదటిసారి టీవీ కట్టేసి రోడ్డెక్కారు. నేను, పైడితల్లి గారు, సుయ్ తండ్రి, బజారువాళ్ళు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, అందరం వెతికాం. వికాస్‌పురి అంచున పెద్ద మురుగుకాలవ ఉంది. దాని గట్టు మీద తుమ్మ పొదలు దట్టంగా ఉంటాయి. పైడితల్లి గారు ఆ గట్టు వెంట “సుయ్! సుయ్! బంగారూ!” అని గొంతు పగిలేలా అరుస్తూ మూడుసార్లు అటూ ఇటూ పోయారు. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద తారు మెత్తబడింది. ఆవిడ చెప్పు ఒకటి అందులో దిగిపోతే అక్కడే వదిలేసి నడిచారు.

తల్లి మాత్రం అరవలేదు. మొదట్లో ఆమె మీద నాకు కోపం కూడా వచ్చింది, ఎలాంటి తల్లి, పిల్లని పేరు పెట్టి పిలవదేమని. పొద్దు వాలాక ఆమె ఒక్కతే గట్టు మీద మెల్లగా నడుస్తూ, నాలుకతో అంగిటిని తడుతూ పిట్ట కూసినట్టు ఒక చప్పుడు చేసింది. కాసేపు ఆగి మళ్ళీ చేసింది. పొదలోంచి అలాంటి చప్పుడే తిరిగి వచ్చింది.

పైడితల్లి గారు మూడుసార్లు దాటిపోయిన పొద అది. పిల్ల పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. ఆ కొండల్లో పిల్లలకి మొదట నేర్పేది, ఎవరైనా పేరు పెట్టి పిలుస్తూ వస్తే పలకొద్దని. మేం ఎంత గట్టిగా పిలిస్తే ఆ పిల్ల అంత లోపలికి పోయింది. తమ్ముడు ఒడిలో నిద్రపోతున్నాడు. వాడి పెదాల మీద బెల్లం అంటుకుని ఉంది. గురువారం పైడితల్లి గారు రుచి చూడమని ఇచ్చిన ముక్కని దాచిందన్నమాట, వాడు ఏడవకుండా చప్పరించడానికి.

పిల్లలిద్దరూ క్షేమం. కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది.

కానిస్టేబుల్ మంచివాడు. సుయ్‌కి బిస్కెట్లూ చల్లటి నీళ్ళూ కొనిచ్చాడు. పద్ధతి ప్రకారం దొరికిన పిల్ల దగ్గర ఏమున్నాయో రాసుకోవాలి కనక మూట విప్పించాడు. గుప్పెడు బియ్యం, ఉప్పు పొట్లం, లైటరు, స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ కవరులో తండ్రి శరణార్థి కార్డు. మేడమ్ సోమవారం చెప్పిన అయిదూ వరసగా ఉన్నాయి. కార్డు గడువు చలికాలంలోనే అయిపోయింది. కొత్తదానికి కాగితాలు పెట్టుకున్నామని తండ్రి చేతులు జోడించి చెప్పాడు.

“అరే భయ్యా, కంగారేం లేదు,” అన్నాడు కానిస్టేబుల్, నంబరు పుస్తకంలో ఎక్కించుకుంటూ. “రేపు పొద్దున స్టేషన్‌కి వచ్చి ఒక సంతకం పెట్టి వెళ్ళు, అంతే.”

అంతే అన్న ఆ మాటకి తండ్రి ముఖం ఎలా అయిందో నేను చూశాను. సంతకం అంటే సంతకమేనని నేనూ చెప్పాను, చోప్రా గారూ చెప్పారు. మా ఇద్దరి హిందీ కలిసినా అతని చెవిదాకా పోలేదు.

తెల్లారి పైడితల్లి గారు పాలు, అరటిపళ్ళు తీసుకుని వాళ్ళ గదికి వెళ్ళారు. తలుపు తీసి ఉంది. లోపల చాప లేదు, పొయ్యి లేదు. ఊడ్చి, నీళ్ళతో తుడిచి మరీ వెళ్ళారు.

“పోలీసులొచ్చిన గదిలో నేనే ఉండనివ్వను,” అన్నాడు ఇంటాయన, “కానీ నేనేం అనలేదు. నా కంటే ముందే పోయారు.”

ఆ తర్వాత ఆవిడ తిరగని చోటు లేదు. ఉత్తమ్ నగర్, హస్త్‌సాల్, ఆదివారాల్లో ఆ కొండలవాళ్ళు ప్రార్థనకి చేరే హాళ్ళు. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. వాళ్ళు మర్యాదగా కుర్చీ వేసి నీళ్ళిచ్చేవారు. సుయ్ పేరు చెబితే తెలీదనేవారు. ఒకామె మిజోరంలో ఐజాల్ పోయి ఉంటారంది, ఇంకొకాయన ఫరీదాబాద్ అన్నాడు, చెబుతూ ఇద్దరూ నేల చూశారు. తిరుగు మెట్రోలో పైడితల్లి గారు, “ఆళ్ళకి తెలుసండీ బాబాయి గారూ,” అన్నారు. “మా పేటకి ఎవరైనా చొక్కా టక్ చేసుకున్నవాడొచ్చి పేరు పెట్టి అడిగితే మా అమ్మోళ్ళూ ఇలాగే కుర్చీ వేసేవోళ్ళు.”

ఇంట్లో ఆవిడ రెండు పూటలు వంట చెయ్యలేదు. శ్రీరాములు గారు చేతకాని పప్పు వండి నన్ను పిలిచారు. తింటుండగా ఆవిడ అన్నారు, “పున్నమికి అటుకులెందుకు పెట్టేదో మా అమ్మ ఒక్కసారి చెప్పుంటే బాగుండేది కదండీ. మేం ఏడవకూడదని తీపి చేసింది. ఆ తీపే నాను పట్టుకొచ్చి ఈ పిల్ల చేతిలో పెట్టాను.” ఎనభై ఏళ్ళ కింద అడవిలో జరిగినదాన్ని ఒక తల్లి బెల్లంతో కప్పింది. మరి కప్పకపోతే? దీనికి జవాబు ఏ పుస్తకంలోనైనా చదివానేమో గుర్తు చేసుకుందామని పైకి వెళ్ళి, దీపం వెయ్యకుండా కూర్చున్నాను.

బడిలో పిల్లలు సోమవారం నుంచే మొదలుపెట్టారు. హాసిని అడిగింది, “సుయ్ అందరికంటే దూరం వెళ్ళింది కదా మేడమ్, మరి ఫస్ట్ తనేనా?” పైడితల్లి గారు బోర్డు తుడిచారు. తుడిచిందే తుడిచారు. ఒకటి మాత్రం నిజం, సాకేత్ ఆ రోజు నుంచి పేలుళ్ళ చప్పుళ్ళు మానేశాడు. దుష్మన్ మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్లలకి అర్థం కావాలని కదా ఇదంతా పెట్టుకున్నది, ఏదో అర్థమయ్యే ఉంటుందని చోప్రా గారు ఓదార్చారు. ఒకటో తరగతి చీటీ ఇంకా ఆవిడ సొరుగులోనే ఉంది.

మే ఆఖరు రోజు బడి వదిలేవేళకి నేను పైడితల్లి గారి కోసం గేటు దగ్గర నిలబడ్డాను. సాకేత్ తల్లి నేహా స్కూటీ మీద వచ్చింది.

“ఆంటీ, ప్లీజ్, వీడికి మీరే చెప్పండి,” అంది. “ఆ చున్నీ ముడి విప్పనివ్వట్లేదు. దాంతోనే తింటాడు, దాంతోనే పడుకుంటాడు. వీపంతా చెమటకాయలు. నేను విప్పబోతే, సుయ్ వేసింది, విప్పితే మళ్ళీ ఎవరు కడతారు అంటాడు.”

పైడితల్లి గారు మోకాళ్ళ మీద కూర్చుని వాడి గుండె మీది ముడి మీద చెయ్యి వేశారు. చాలాసేపు తడిమారు. కొసలు ఎక్కడ దోపిందో దొరకలేదు. దొరికాక కూడా లాగలేదు. వాడు ఆవిడ ముఖంలోకి చూసి, హోంవర్క్ ఏమిటని అడిగినంత మామూలుగా అడిగాడు.

“మేడమ్, హమే కబ్ జానా హై?”

మేమెప్పుడు వెళ్ళాలి? నేహా నవ్వింది, “చూశారా ఆంటీ, రోజంతా ఇదే పాట,” అని. పైడితల్లి గారు ముడి మీంచి చెయ్యి తీశారు. నా కేసి చూశారు. నేను ఆవిడ కంటే పెద్దవాణ్ణి, ఎన్నో దేశాల సంగతులు చదివినవాణ్ణి. గేటు పట్టుకుని నిలబడ్డాను.

వెనక ఆటో ఒకటి హారన్ కొట్టింది. వాడు మూటతోనే స్కూటీ వెనక ఎక్కి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయో లేదో ఒకసారి పైకెత్తి చూసుకుని, వాళ్ళమ్మ నడుము పట్టుకున్నాడు.